తీగ పోయి చిరునామా వచ్చింది: కెర్నల్‌లో ఇంటరప్ట్‌ల దారి

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల ఇంజనీరింగ్ కాలేజీల్లో మైక్రోప్రాసెసర్ల పేపర్ రాసిన చాలామందికి 8259 చిప్ (డివైస్‌లు ప్రాసెసర్‌ని పిలిచే పిలుపుల్ని, అంటే ఇంటరప్ట్‌లని, అందించే చిప్) బొమ్మ కంఠతా వచ్చు. ఎనిమిది ఇన్‌పుట్ గీతలు, మధ్యలో రిజిస్టర్లు, ప్రాసెసర్ వైపు పోయే ఒకే ఒక్క తీగ. మార్కులు రావడానికి అది చాలు. అదే కాలేజీ ల్యాబ్‌లో లినక్స్ ఉన్న కంప్యూటర్ ముందు కూర్చుని ప్రాక్ డైరెక్టరీలోని ఇంటరప్ట్స్ ఫైలు తెరిస్తే మాత్రం ఆ బొమ్మకీ తెర మీద కనిపించేదానికీ పొంతన కుదరదు. నెట్‌వర్క్ కార్డు ఉన్న వరసలో ఐఆర్-పీసీఐ-ఎంఎస్ఐ అని ఉంటుంది. ఎన్‌వీఎంఈ డిస్క్ (వేగమైన కొత్త తరహా ఎస్ఎస్‌డీ) అయితే అదొక్కటే సీపీయూకి ఒకటి చొప్పున వరసలు ఆక్రమించుకుని కూర్చుంటుంది. ఇన్ని తీగలు మదర్‌బోర్డు మీద ఎక్కడున్నాయని వెతికితే దొరకవు, ఎందుకంటే లేవు.

ఆ వరసలో ఎంఎస్ఐ (మెసేజ్ సిగ్నల్డ్ ఇంటరప్ట్) అన్న ముక్క చెప్పేది, ఈ ఇంటరప్ట్ మెమరీలోకి రాసే ఒక మామూలు రాత రూపంలో వచ్చిందని. ముందున్న ఐఆర్ చెప్పేది, ఆ రాతని దారిలో ఎవరో ఆపి, పట్టిక చూసి, గమ్యం తేల్చి పంపారని. మన పాఠ్యపుస్తకాల్లో ఇంటరప్ట్‌లు ఒక అధ్యాయం, మెమరీ చిరునామాల అనువాదం ఇంకో అధ్యాయం. ఇప్పటి యంత్రంలో ఆ రెండూ విడివిడిగా లేవు. ఇంటరప్ట్ ఒక చిరునామా అయిపోయింది. ఆ చిరునామాని డివైస్‌లో ఎవరు రాస్తారు, దారిలో ఎవరు అనువదిస్తారు అన్న దాని మీదే కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) భద్రత సగం నిలబడి ఉంది.

తీగలు పోవడానికి కారణం పిన్నులు చాలకపోవడమే అనుకుంటారు. అదీ ఒక కారణమే. పీసీఐ (కార్డుల్ని మదర్‌బోర్డుకి కలిపే బస్సు) కార్డుకి నాలుగు ఇంటరప్ట్ పిన్నులు ఉండేవి, అవీ ఇతర కార్డులతో పంచుకోవాల్సిందే. ఒక తీగ మోగితే ఆ తీగ మీదున్న డ్రైవర్లందరినీ కెర్నల్ వరసగా లేపి "మీదేనా?" అని అడగాలి. అయితే దీనికన్నా పెద్ద చిక్కు ముందువెనకలది. నెట్‌వర్క్ కార్డు ఒక ప్యాకెట్‌ని డీఎంఏ ద్వారా, అంటే ప్రాసెసర్ ప్రమేయం లేకుండా నేరుగా, మెమరీలోకి పంపించి, ఆ వెంటనే ఇంటరప్ట్ తీగ లాగుతుంది. ప్యాకెట్ బ్రిడ్జిలు (ఒక బస్సుని ఇంకోదానికి కలిపే చిప్‌లు) దాటుకుంటూ రావాలి. తీగకి ఆ బ్రిడ్జిలతో పని లేదు, అది వేరే దారిన పోతుంది. దాంతో ఇంటరప్ట్ ముందే వచ్చేసి, డేటా ఇంకా దారిలోనే ఉండే ప్రమాదం ఉంటుంది. ఆ క్షణంలో డ్రైవర్ మెమరీ చదివితే దొరికేది పాత చెత్త. అందుకే పాత డ్రైవర్లు ఇంటరప్ట్ రాగానే ముందు కార్డులోని ఒక రిజిస్టర్‌ని చదివేవి. ఆ చదివిన జవాబు తిరిగి వచ్చేటప్పుడు, దారిలో ఆగి ఉన్న రాతలన్నీ దానికన్నా ముందు మెమరీకి చేరాలని బస్సు నియమం. పని జరిగేది గానీ, ప్రతి ఇంటరప్ట్‌కీ ప్రాసెసర్ అలా కార్డు జవాబు కోసం చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చేది.

1998 చివర్లో వచ్చిన పీసీఐ 2.2 నిర్దేశాల్లో దీనికి తేలికైన మందు దొరికింది. కార్డు తీగ లాగే బదులు, తనకి ముందే చెప్పిపెట్టిన చిరునామాకి, ముందే చెప్పిపెట్టిన ఒక చిన్న సంఖ్యని మెమరీ రాతగా పంపుతుంది. ఈ రాత కూడా డేటా వచ్చిన దారినే, డేటా వెనకాలే వస్తుంది. ఆ దారిలో మామూలుగా వెనక రాత ముందు రాతని దాటకూడదు. కాబట్టి ఇంటరప్ట్ అందిందంటే డేటా అప్పటికే చేరినట్టే. రిజిస్టర్ చదివే తతంగం పోయింది. ఈ పద్ధతిలో ఒక డివైస్‌కి 32 వరకు ఇంటరప్ట్‌లు ఇవ్వొచ్చు. తర్వాత వచ్చిన ఎంఎస్ఐ-ఎక్స్‌లో ఆ హద్దు 2048కి పెరిగింది, ఒక్కో ఇంటరప్ట్‌కి విడి చిరునామా కూడా పెట్టుకోవచ్చు. ప్రతి సీపీయూకీ విడిగా ఒక క్యూ, ప్రతి క్యూకీ విడిగా ఒక ఇంటరప్ట్ అన్న ఇప్పటి ఏర్పాటుకి పునాది అదే. పీసీఐ ఎక్స్‌ప్రెస్ వచ్చేసరికి ఇంటరప్ట్ పిన్నుల్ని పూర్తిగా ఎత్తేశారు. పాత డ్రైవర్ల కోసం తీగ ఉన్నట్టు నటించే మెసేజ్‌లు మాత్రం మిగిలాయి.

ఇంతకీ ఆ చిరునామా ఎలా ఉంటుంది? ఇంటెల్, ఏఎమ్‌డీ యంత్రాల్లో 4 జీబీ హద్దుకి 18 ఎంబీ కింద మొదలై, 1 ఎంబీ మేర సాగే ఒక పట్టీ ఉంది. అక్కడ ర్యామ్ లేదు. ఏ డివైస్ అయినా ఆ పట్టీలోకి రాస్తే హార్డ్‌వేర్ దాన్ని ఇంటరప్ట్‌గా తీసుకుంటుంది. ఇంటరప్ట్ ఏ సీపీయూకి పోవాలన్నది చిరునామాలోనే 12వ బిట్ నుంచి 19వ బిట్ వరకు ఉంటుంది. రాసిన డేటాలోని కింది 8 బిట్లు వెక్టర్ నంబరు, అంటే వచ్చింది ఏ ఇంటరప్టో చెప్పే అంకె. 8 బిట్లంటే 256 వెక్టర్లు, అందులో మొదటి 32 ప్రాసెసర్ సొంత ఎక్సెప్షన్ల (లోపలే తలెత్తే తప్పుల) కోసం అట్టిపెట్టినవి. అంటే చిరునామాలో ఎవరికి, డేటాలో ఏమిటి. చూడ్డానికి ఎంతో శుభ్రంగా ఉంది.

కథ అడ్డం తిరిగేది ఇక్కడే. మెమరీలోకి రాయగలిగిన ప్రతి డివైస్, ఆ పట్టీలోకి కూడా రాయగలదు. అంటే డీఎంఏ చేతనైన ఏ కార్డయినా ఏ సీపీయూకైనా ఏ వెక్టర్‌నైనా పంపగలదు. తీగల కాలంలో కార్డుకి అంత స్వతంత్రం లేదు. దాని తీగ ఎక్కడ కలిస్తే అక్కడే మోగేది.

ఒక కంప్యూటర్‌ని ఒక్కరే వాడుకుంటుంటే దీని గురించి అంత టెన్షన్ పడక్కర్లేదు. కార్డుని నడిపేది కెర్నల్ డ్రైవరే, దానికి కావాలంటే ఇంతకన్నా నేరుగా యంత్రాన్ని పాడుచేసే దారులు చాలా ఉన్నాయి. సమస్య అంతా వర్చువల్ మెషీన్లతో (ఒకే యంత్రంలో నడిచే కల్పిత కంప్యూటర్లతో). ల్యాబ్ సర్వర్‌లో నాలుగు వర్చువల్ మెషీన్లు పెట్టి, అందులో ఒకదానికి నెట్‌వర్క్ కార్డునో గ్రాఫిక్స్ కార్డునో నేరుగా అప్పగించారనుకుందాం. ఇప్పుడు ఆ కార్డుకి ఆదేశాలిచ్చేది లోపల కూర్చున్న విద్యార్థి కెర్నల్. డీఎంఏ ఎక్కడికి చెయ్యాలో కూడా అదే చెబుతుంది. ఇలాంటి సందర్భం కోసమే ఐఓఎంఎంయూ ఉంది. ప్రాసెసర్‌కి పేజీ టేబుల్స్ (చిరునామాల్ని అనువదించే పట్టికలు) ఎలాగో డివైస్‌లకి ఇది అలాగ. కార్డు పలికే ప్రతి చిరునామానీ పట్టికలో చూసి, ఆ వర్చువల్ మెషీన్‌కి ఇచ్చిన మెమరీలో పడితేనే లోపలికి వదులుతుంది.

మరి ఐఓఎంఎంయూ ఉండగా భయమెందుకు? ఎందుకంటే ఇంటెల్ ఐఓఎంఎంయూ అయిన వీటీ-డిలో ఆ 1 ఎంబీ పట్టీకి మినహాయింపు ఉంది. అక్కడికి వచ్చిన రాతలు డీఎంఏ పేజీ టేబుల్స్ దాకా పోనే పోవు, ఇంటరప్ట్‌లుగా పక్కకి మళ్లుతాయి. పేజీ టేబుల్‌ని ఎంత జాగ్రత్తగా కట్టినా ఈ దారి తెరిచే ఉంటుంది. 2011లో రఫాల్ వోయ్‌చుక్, జొవానా రుత్కోవ్‌స్కా అన్న ఇద్దరు భద్రతా పరిశోధకులు సరిగ్గా దీన్నే పట్టుకున్నారు. తనకి అప్పగించిన కార్డు చేత ఆ పట్టీలోకి రాయించి, వర్చువల్ మెషీన్ లోపలి నుంచి బయట ఉన్న హైపర్‌వైజర్ (వర్చువల్ మెషీన్లని నడిపే సాఫ్ట్‌వేర్) మీదికి ఇష్టమొచ్చిన వెక్టర్ విసరవచ్చని చూపించారు. ఏ వెక్టర్ విసిరితే నష్టం? లినక్స్‌లో 128వ వెక్టర్ పాత 32-బిట్ సిస్టమ్ కాల్స్ (ప్రోగ్రామ్‌లు కెర్నల్‌ని సేవ అడిగే పిలుపులు) ద్వారం. బయటి నుంచి ఇంటరప్ట్ రూపంలో ఆ నంబరు వస్తే, ఆ సమయానికి ఏ ప్రోగ్రామ్ నడుస్తుంటే అదే సిస్టమ్ కాల్ చేసిందని కెర్నల్ పొరబడుతుంది. ఈ భయం ఇప్పటికీ తీరలేదు. 2023 డిసెంబరులో కూడా 128వ వెక్టర్ బయటి నుంచి వస్తే ఒప్పుకోకుండా లినక్స్‌లో మార్పు చేర్చారు, కాకపోతే ఈసారి అనుమానం హైపర్‌వైజర్ మీదే.

ఈ దారికి వేసిన తలుపే ఇంటరప్ట్ రీమ్యాపింగ్, ఆ ఫైలు వరసలో కనిపించిన ఐఆర్. దీని కిటుకంతా ఒక్కటే: కార్డు చేతిలో నిజమైన వెక్టర్ ఉంచకూడదు. రీమ్యాపింగ్ ఉన్నప్పుడు కార్డు అదే పట్టీలోకి రాస్తుంది గానీ, ఆ చిరునామాలో సీపీయూ నంబరు బదులు ఒక క్రమసంఖ్య ఉంటుంది. ఇది కొత్త తరహా రాత అని చిరునామాలోని 4వ బిట్ చెబుతుంది. ఐఓఎంఎంయూ ఆ క్రమసంఖ్య పట్టుకుని, కెర్నల్ మెమరీలో పెట్టిన పట్టికలో ఆ గడికి వెళుతుంది. ఒక్కో గడి 16 బైట్లు, గరిష్ఠంగా 65,536 గడులు, మొత్తం కలిపి 1 ఎంబీ. ఏ సీపీయూ, ఏ వెక్టర్ అన్నవి ఆ గడిలో ఉంటాయి. కార్డుకి ఆ గడి చూసే దారి లేదు, మార్చే దారీ లేదు.

ఆ గడిలో ఇంకో ముఖ్యమైన భాగం సోర్స్ ఐడీ. పీసీఐ మీద ప్రతి డివైస్‌కీ బస్ నంబరు 8 బిట్లు, డివైస్ నంబరు 5 బిట్లు, ఫంక్షన్ నంబరు 3 బిట్లు, కలిపి 16 బిట్ల గుర్తింపు ఉంటుంది. గడిలో రాసిపెట్టిన గుర్తింపు, రాత పంపిన డివైస్ గుర్తింపు సరిపోకపోతే ఆ ఇంటరప్ట్‌ని అక్కడే ఆపేస్తారు. ఈ పోలిక లేకుండా రీమ్యాపింగ్ పెడితే సగం పనే. పక్క కార్డు క్రమసంఖ్యని ఊహించి రాయడం ఏమంత కష్టం కాదు, ఉన్నవి 65,536 అంకెలే.

భద్రత కోసం వచ్చిన ఈ పట్టిక వేరే ఉపకారం కూడా చేసింది, దాని గురించి తక్కువగా మాట్లాడుకుంటారు. ఒక ఇంటరప్ట్‌ని ఒక సీపీయూ నుంచి ఇంకో సీపీయూకి మార్చాలంటే, రీమ్యాపింగ్ లేని చోట కార్డులోని చిరునామా, డేటా రెండూ మార్చాలి. రెండింటినీ ఒకే దెబ్బలో మార్చడం కుదరదు. చిరునామా మారి డేటా మారని ఆ సందులో కార్డు ఇంటరప్ట్ పంపిందంటే, కొత్త సీపీయూకి పాత వెక్టర్ పోతుంది. అక్కడ ఆ వెక్టర్ వేరెవరిదో, ఎవరిదీ కానిదో అయ్యుంటుంది. కార్డు ఆ కాసేపు ఇంటరప్ట్‌ని ఆపి ఉంచే సౌకర్యం ఇస్తే సరే, అది లేని కార్డుల్లో ఇంటరప్ట్ పోయి డివైస్ బిగుసుకుపోయిన సంగతి బయటపడ్డాక 2020లో లినక్స్‌లో దీనికి ప్రత్యేకమైన మరమ్మతు చేశారు. పట్టిక ఉన్న యంత్రంలో ఈ గొడవే లేదు. కార్డు జోలికి పోకుండా గడిని ఒక్కసారిగా మార్చి, ఐఓఎంఎంయూ తన దగ్గర దాచుకున్న పాత నకలుని చెరిపెయ్యమంటే చాలు. సీపీయూలు 255 దాటిన పెద్ద సర్వర్లకి కూడా ఈ పట్టికే ఆధారం. చిరునామాలోని 8 బిట్లలో పట్టని సీపీయూ నంబరు గడిలోని 32 బిట్లలో హాయిగా పడుతుంది.

ఆర్మ్ యంత్రాల్లో వ్యవహారం వేరు. ప్రత్యేకమైన పట్టీ అంటూ అక్కడ ఏదీ లేదు. గిక్ అనే ఇంటరప్ట్ కంట్రోలర్‌లో ఐటీఎస్ అన్న భాగం ఉంటుంది, దానికి గంట నొక్కే మీట లాంటి ఒక రిజిస్టర్ ఉంటుంది. కార్డు దాని చిరునామాకి ఒక ఈవెంట్ నంబరు రాయాలి. రాసింది ఏ డివైస్ అన్నది హార్డ్‌వేరే పక్కనుంచి చేరవేస్తుంది. ఐటీఎస్ ఆ రెండింటినీ కలిపి తన పట్టికల్లో చూసి, 8192 నుంచి మొదలయ్యే ఇంటరప్ట్ నంబర్లలో ఒకటి తేల్చి, ఏ సీపీయూకి పోవాలో ఆ వైపు పంపుతుంది. ఇంతవరకు ఇంటెల్ రీమ్యాపింగ్‌కి అన్నదమ్ములాగే ఉంది. తేడా అంతా ఆ రాత ఐటీఎస్ దాకా చేరే దారిలో ఉంది. ఆర్మ్ ఐఓఎంఎంయూ అయిన ఎస్ఎంఎంయూకి ఇంటరప్ట్ రాత, డేటా రాత అన్న భేదం తెలీదు. రెండింటినీ ఒకే పేజీ టేబుల్‌లో వెతుకుతుంది.

దీనికి మన దగ్గరి పోలిక ఒకటి చూద్దాం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలని మార్చినప్పుడు రాజాం శ్రీకాకుళం జిల్లాలోంచి విజయనగరం జిల్లాలోకి వచ్చింది. ఊరు అంగుళం కదల్లేదు. 532127 పిన్ కోడ్ అలాగే ఉంది. చిరునామాలో జిల్లా పేరు మాత్రం మారింది. పాత జిల్లా పేరు రాసి ఉత్తరం వేసినా పోస్ట్‌మ్యాన్‌కి ఊరు తెలుసు కాబట్టి చేరుస్తాడు. ఎస్ఎంఎంయూకి ఆ మొహమాటం లేదు. ఐటీఎస్ రిజిస్టర్ భౌతికంగా ఉన్న చోటే ఉన్నా, ఆ డివైస్ పేజీ టేబుల్‌లో ఆ పేజీకి ఏ పేరు పెట్టారో ఆ పేరుతో పిలిస్తేనే రాత చేరుతుంది. కెర్నల్ పొరపాటున అసలు భౌతిక చిరునామానే కార్డులో రాసిపెట్టిందంటే, ఎస్ఎంఎంయూ దాన్ని పట్టికలో లేని చిరునామాగా లెక్కగట్టి ఆపేస్తుంది.

ఆ తప్పు పైకి ఎలా కనిపిస్తుందన్నది తెలుసుకోవాల్సిన విషయం. డేటా బఫర్లన్నీ సరిగ్గా మ్యాప్ అయి ఉన్నాయి కాబట్టి డీఎంఏ చక్కగా నడుస్తుంది. డిస్క్ తన పని పూర్తిచేసి, పూర్తయిందని మెమరీలో గుర్తు కూడా పెడుతుంది. ఇంటరప్ట్ ఒక్కటే రాదు. కెర్నల్ చాలాసేపు ఎదురుచూసి, గడువు దాటాక తనే వెళ్లి చూసుకుంటే పని ఎప్పుడో అయిపోయి ఉంటుంది. అప్పుడు ఎన్‌వీఎంఈ డ్రైవర్ లాగ్‌లో "టైమ్ అవుట్, కంప్లీషన్ పోల్డ్" అన్న మాట పడుతుంది. ఆ మాటకి అర్థం డిస్క్ పాడైందని కాదు, పని జరిగింది గానీ కబురు అందలేదని. ఇంటరప్ట్స్ ఫైలులో ఆ వరస అంకె సున్నా దగ్గరే ఆగి, లాగ్‌లో పక్కనే ఎస్ఎంఎంయూ ఫాల్ట్ కనిపిస్తే, అందులోని చిరునామా ఐటీఎస్‌దేమో పోల్చి చూడాలి. డిస్క్ మార్చి, కేబుల్ మార్చి, చివరికి బోర్డు కూడా మార్చేకన్నా ఈ పోలిక చాలా చవక.

లినక్స్ ఈ మ్యాపింగ్‌ని తనంతట తనే చేస్తుంది. డివైస్‌కి ఎంఎస్ఐ కేటాయించే సమయంలో, ఆ డివైస్ ఐఓఎంఎంయూ డొమైన్‌లో (దానికి కేటాయించిన చిరునామాల పరిధిలో) గంట రిజిస్టర్ ఉన్న పేజీకి ఒక చిరునామా పుట్టించి, పేజీ టేబుల్‌లో ఎక్కించి, కార్డులో ఆ కొత్త చిరునామానే రాస్తుంది. చదవడానికి తేలిగ్గా ఉన్నా, దీన్ని ఎప్పుడు చెయ్యాలన్న దగ్గర చాలాకాలం ఇబ్బంది పడ్డారు. కార్డులో రాయాల్సిన మెసేజ్‌ని కూర్చే పని స్పిన్‌లాక్ (ఒకేసారి ఇంకొకరు రాకుండా వేసే తాళం) పట్టుకుని, ఇంటరప్ట్‌లు ఆపేసి చెయ్యాలి. అక్కడ నిద్రపోకూడదు, అంటే పక్కకి తప్పుకుని ఎదురుచూడకూడదు. పేజీ టేబుల్‌లో కొత్త మ్యాపింగ్ ఎక్కించాలంటేనేమో మెమరీ కేటాయించాలి, లాక్‌లు తీసుకోవాలి. రియల్-టైమ్ కెర్నల్‌లో ఈ రెండూ ఒకచోట అస్సలు పొసగవు. 2019లో ఈ పనిని రెండు ముక్కలు చేశారు. నిద్రపోవడానికి వీలున్న సమయంలో ముందే మ్యాపింగ్ సిద్ధం చేసి పెట్టుకోవడం ఒకటి, తర్వాత లాక్ కింద ఆ సిద్ధంగా ఉన్న చిరునామాని మెసేజ్‌లో అతికించడం మాత్రం రెండోది. చిన్న మార్పే, కానీ కెర్నల్‌లో పని ఎంత అన్నదాని కన్నా ఏ వేళ చెయ్యాలన్నది ఎంత ముఖ్యమో తెలియాలంటే విద్యార్థులకి ఇది మంచి ఉదాహరణ.

డివైస్‌ని వర్చువల్ మెషీన్‌కి అప్పగించినప్పుడు ఆ డొమైన్‌లో చిరునామాలన్నీ అతిథి (వర్చువల్ మెషీన్ లోపలి) కెర్నల్ ర్యామ్ ప్రకారం నిండిపోయి ఉంటాయి. గంట పేజీకి ఖాళీ చోటు వెతకాలి. ఆర్మ్ ఎస్ఎంఎంయూ డ్రైవర్ దీనికి 128 ఎంబీ దగ్గర మొదలయ్యే 1 ఎంబీ జాగాని అట్టిపెట్టింది. క్యూఎంయూ అనే సాఫ్ట్‌వేర్ కల్పించే వర్ట్ మెషీన్‌లో ర్యామ్ 1 జీబీ దగ్గర మొదలవుతుంది, 128 ఎంబీ దగ్గర ఉండేది అతిథి చూసే గిక్కే. కాబట్టి ఢీకొట్టుకోవు. వేరే మెమరీ పటం ఉన్న హైపర్‌వైజర్ అయితే ఈ జాగాని చూసుకుని తప్పుకోవాలి. సిస్ ఫైల్‌సిస్టమ్‌లో ప్రతి ఐఓఎంఎంయూ గ్రూపు (విడదీయకుండా కలిపి అప్పగించే డివైస్‌ల జట్టు) కింద రిజర్వ్‌డ్ రీజియన్స్ అన్న ఫైలు ఉంటుంది, అందులో ఈ వివరం దొరుకుతుంది. ఇంటెల్ యంత్రంలో అదే ఫైలు 4 జీబీ కింది పట్టీని చూపిస్తుంది. రెండు చోట్లా పక్కన రాసేది ఎంఎస్ఐ అనే, హార్డ్‌వేర్ మినహాయింపు ఒకటి, సాఫ్ట్‌వేర్ ఎంచుకున్న జాగా ఒకటి. ఆ తేడా ఆ ఫైలు చెప్పదు.

రెండు పద్ధతుల్లో ఏది మేలు? ఆర్మ్ పద్ధతిలో నిజాయితీ ఎక్కువ. రాత అంటే రాతే, అన్నింటికీ ఒకే తనిఖీ, మ్యాప్ చెయ్యనిదేదీ పోదు. ఆ ఖరీదు కెర్నల్ రాసేవాళ్లు భరిస్తారు. ఇంటెల్ పద్ధతిలో మామూలు వాడకం సులువు, డ్రైవర్‌కి ఏ మ్యాపింగూ అక్కర్లేదు. కానీ మినహాయింపు ఇచ్చిన చోట ఇంకో పట్టిక కట్టి కాపలా పెట్టాలి, ఆ కాపలా లేకపోయినా యంత్రం పైకి బాగానే నడుస్తుంది. భద్రత దృష్టితో చూస్తే పని ఆపేసే తప్పు కన్నా పని జరుగుతూనే ఉండే తప్పు ప్రమాదం.

అందుకే లినక్స్‌లో ఈ అప్పగింత చూసే వీఎఫ్ఐఓ అన్న భాగం, ఇంటరప్ట్ రీమ్యాపింగ్ లేని యంత్రంలో డివైస్‌ని వర్చువల్ మెషీన్‌కి అప్పగించడానికి ఒప్పుకోదు. బయోస్‌లో ఆ సౌకర్యం ఆపేసి ఉన్నా, పాత చిప్‌సెట్‌లో లోపం ఉందని కెర్నలే దాన్ని ఆపేసినా ఇదే వరస. ఇంటెల్ 5500, 5520 చిప్‌సెట్‌ల తొలి రకాల్లో అలాంటి లోపం ఉండేది. అప్పుడు చాలామంది చేసేది, దొరికిన చిట్కా చూసి అలౌ అన్‌సేఫ్ ఇంటరప్ట్స్ అన్న మాడ్యూల్ ఆప్షన్ పెట్టేయడం. వర్చువల్ మెషీన్ లోపల ఉన్నది కూడా మనమే అయితే ఫర్వాలేదు. కాలేజీలో పదిమంది విద్యార్థులకి రూట్ హక్కులతో మెషీన్లు ఇచ్చే సర్వర్‌లో ఆ ఆప్షన్ పెడితే, 2011లో చూపించిన దారిని చేజేతులా తెరిచినట్టే.

ఒక ఇంటెల్ యంత్రంలో ఈ కాపలా ఉందో లేదో చూడాలంటే బూట్ లాగ్‌లో డీఎంఏఆర్-ఐఆర్ అన్న మాట వెతకాలి. రీమ్యాపింగ్ ఎక్స్‌2ఏపిక్ (32 బిట్ల సీపీయూ నంబర్లు వాడే) మోడ్‌లో ఎనేబుల్ అయిందని కనిపిస్తే అంతా సరిగ్గా ఉన్నట్టు. నడుస్తుండగా ఇంటరప్ట్ రీమ్యాప్ ఫాల్ట్ పడితే పక్కనే హెక్సా అంకెల్లో కారణం ఉంటుంది. 22 అయితే డివైస్ చెప్పిన గడి ఖాళీగా ఉంది. డ్రైవర్ ఇంటరప్ట్‌ని విడిచిపెట్టేశాక కూడా కార్డు పాత క్రమసంఖ్యకి రాస్తూనే ఉంటే ఇది వస్తుంది, రీసెట్ సరిగ్గా జరగని కార్డుల్లో ఎక్కువ. 25 అయితే ఎవరో క్రమసంఖ్య లేకుండా పాత తరహాలో నేరుగా వెక్టర్ పంపబోయారు. 26 అయితే సోర్స్ ఐడీ కలవలేదు. దీనికి వెంటనే దాడి అని కంగారు పడక్కర్లేదు. పాత పీసీఐ బ్రిడ్జి వెనకున్న కార్డుల రాతలు బ్రిడ్జి గుర్తింపుతో బయటికి రావడం మామూలే, ముందు ఆ బ్రిడ్జి సంగతి చూసుకోవాలి. కార్డుకీ సీపీయూకీ మధ్య బ్రిడ్జి ఏదీ లేని యంత్రంలో మాటిమాటికీ 26 పడుతుంటే, ఆ కార్డు ఏ వర్చువల్ మెషీన్ చేతిలో ఉందో కనుక్కోవాలి.